అవాంఛిత రోమాలకు రాబోయే చికిత్సలు: రక్తపరీక్షలో తగ్గితే ముఖం మీద తగ్గినట్లేనా?

మీరు అడిగినదాని సారాంశం ఇది: మీకు 26 ఏళ్లు, రెండేళ్ల క్రితం పీసీఓఎస్ (మగ హార్మోన్లు ఎక్కువై నెలసరి గతితప్పే అండాశయాల సమస్య) ఉందని తేలింది, చుబుకం మీద, దవడ అంచున ముతక వెంట్రుకలు వస్తున్నాయి, నాలుగు నెలలుగా హార్మోన్ మాత్ర, అంటే గర్భనిరోధక మాత్ర, వాడుతున్నా తేడా కనిపించడం లేదు. ఈలోగా మలేరియా మందు గురించి, బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి, చర్మానికి రాసే కొత్త క్రీము గురించి చదివి, ఇప్పుడు వాడుతున్నది ఆపేసి ఆ మందులు వచ్చేదాకా ఆగవచ్చా అని అడిగారు. హార్మోన్ల వ్యాధులకు వైద్యం చేస్తూ ఇరవై ఏళ్లు దాటిన నేను ముందుగా చెప్పగలిగింది ఒక్కటే: ఆపకండి, ఆగకండి. ఎందుకన్నానో వివరించకపోతే ఈ మాట మీకు ఉపయోగపడదు కనుక విపులంగానే రాస్తున్నాను.

కొత్త మందు గురించిన వార్త ఏది చదివినా మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ అధ్యయనంలో కొలిచింది రక్తంలోని మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్‌నా, లేక చర్మం మీది వెంట్రుకలనా? వార్తల్లో ఈ రెండూ ఒకటే అన్నట్లు రాస్తారు, కాని అవి ఒకటి కావు. రక్తంలో అంకె చక్కగా దిగివచ్చినా అద్దం ముందు నిలబడినప్పుడు ఏ మార్పూ కనిపించని స్త్రీలను నేను ఎందరినో చూశాను. రక్తపరీక్షలన్నీ మామూలుగా ఉండి కూడా గడ్డం ప్రతిరోజూ తీయవలసి వచ్చేవారూ ఉన్నారు. ఈ తేడాకు కారణం వెంట్రుక కుదురులోనే ఉంది.

మన శరీరం మీద అరచేతులు, అరికాళ్లు వంటి కొన్ని చోట్లు తప్ప అంతటా కుదుళ్లు ఉంటాయి. స్త్రీల ముఖం మీద ఉన్నవి చాలావరకు మెత్తని, రంగు లేని నూగును మాత్రమే పుట్టిస్తాయి. టెస్టోస్టెరాన్ వంటి, ఆండ్రోజెన్లు అనే మగ హార్మోన్లు ఆ కుదురును తాకినప్పుడు, అక్కడే ఉన్న ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌ను మరింత బలమైన డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. అది కుదురులో హార్మోన్‌ను అందుకునే గ్రాహకాన్ని పట్టుకుని, క్రమంగా నూగు పుట్టే కుదురును ముతక, నల్లని వెంట్రుక పుట్టే కుదురుగా తయారుచేస్తుంది. ఎవరి కుదురు ఎంత సున్నితమన్నది పుట్టుకతో వచ్చే గుణం. అందుకే హార్మోన్లు మామూలుగా ఉండి, నెలసరి క్రమంగా వస్తూ, వెంట్రుకలు మాత్రం ఎక్కువగా ఉండే స్త్రీలు ఉన్నారు. స్త్రీలకు మగవారి తరహాలో వెంట్రుకలు రావడాన్ని హిర్సుటిజం అంటారు; ఇలాంటివారిలో వచ్చేదానికి ‘కారణం తెలియని హిర్సుటిజం’ అని పేరు. రక్తంలోని స్థాయికీ వెంట్రుకల తీవ్రతకూ పొంతన తక్కువ అన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే విషయం.

ఒకసారి ముతకబారిన కుదురు, హార్మోన్ తగ్గినంత మాత్రాన వెంటనే నూగు దశకు తిరిగి పోదు. కొంత సన్నబడుతుంది, పెరిగే వేగం తగ్గుతుంది, కొత్త కుదుళ్లు ముతకబారకుండా ఆగుతాయి. ఇప్పటికే ముతకబారినవాటిలో చాలా భాగం అలాగే మిగిలిపోతుంది. పైగా ప్రతి వెంట్రుకకూ పెరిగే దశ, కుంచించుకునే దశ, విశ్రాంతి దశ అనే చక్రం ఉంటుంది. మందు ప్రభావం కనబడాలంటే ఇప్పుడు పెరుగుతున్న వెంట్రుక రాలి, దాని స్థానంలో కొత్తది మొలవాలి. కనీసం ఆరు నెలలు గడవనిదే ఏ హార్మోన్ మందునూ పని చేసిందనీ, చేయలేదనీ తేల్చకూడదని మేము అనేది ఇందుకే. మీ నాలుగు నెలలు ఇంకా తీర్పు చెప్పే సమయం కాదు. నాలుగో నెలలోనో అయిదో నెలలోనో విసిగి ఆపేసి, మరో మందుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, అలా మూడేళ్లు పోగొట్టుకున్నవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వారికి ముందే ఎవరైనా ఈ ఆరు నెలల సంగతి చెప్పి ఉండవలసింది.

కొలిచే పద్ధతి గురించి కూడా ఒక మాట. 1961లో ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరు పరిశోధకులు శరీరంలోని వివిధ భాగాల్లో వెంట్రుకలకు మార్కులు వేసే విధానాన్ని ప్రతిపాదించారు. తరువాత సవరించిన రూపంలో తొమ్మిది భాగాలకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేసి కూడుతారు. మొత్తం ఎంత దాటితే ఎక్కువ అన్నది జాతిని బట్టి మారుతుంది. పీసీఓఎస్‌పై 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకం నాలుగు నుంచి ఆరు మధ్య హద్దును సూచించింది. ఈ మార్కులకు ఒక లోపం ఉంది. మిగతా ఒళ్లంతా శుభ్రంగా ఉండి చుబుకం మీద మాత్రమే దట్టంగా ఉన్న స్త్రీకి మొత్తం మార్కులు తక్కువే వస్తాయి, కాని ఆమె పడే వేదన తక్కువ కాదు. అందుకని మార్కులు తక్కువ వచ్చాయని ఎవరైనా మీ బాధను కొట్టిపారేస్తే ఆ మాటను పట్టించుకోకండి.

ఇప్పుడు మీరు చదివిన వార్తల విషయానికి వస్తాను. మలేరియా మందు అన్నది ఆర్టెమిసినిన్ కుటుంబానికి చెందినది; ఆ మందును కనుగొన్నందుకే చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. 2024లో ప్రచురితమైన ఒక పరిశోధనలో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ బృందం, ఈ మందులు అండాశయాల్లో ఆండ్రోజెన్ తయారీని తగ్గిస్తాయని చూపింది. కొలెస్టరాల్ నుంచి స్టెరాయిడ్ హార్మోన్లు తయారయ్యే దారిలో మొట్టమొదటి మెట్టున ఉండే ఎంజైమును, కణంలోని ఒక ప్రొటీన్ సాయంతో ఈ మందు విచ్ఛిన్నం చేయిస్తుందన్నది వారి వివరణ. ఎలుకల్లో ఫలితం చూసిన తరువాత 19 మంది పీసీఓఎస్ స్త్రీలకు డైహైడ్రోఆర్టెమిసినిన్‌ను 12 వారాలు ఇచ్చారు. టెస్టోస్టెరాన్ తగ్గింది, 12 మందికి నెలసరి క్రమబద్ధమైంది. ఇది నిజంగా కొత్త దారి. హార్మోన్ తయారీని మూలంలోనే పట్టుకున్నారు గనుక నాకూ దీని మీద ఆశ ఉంది. కాని 19 మంది, 12 వారాలు, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గం లేదు. పన్నెండు వారాల్లో వెంట్రుకల మార్పును తేల్చలేమని పైనే చెప్పాను. పెద్ద అధ్యయనాలు జరిగి, నెలల తరబడి వాడితే కాలేయం, గర్భం మీద ప్రభావం ఏమిటో తేలే వరకు దీన్ని సొంతంగా కొని వాడటం ప్రమాదకరం. మలేరియాకు ఈ మందును కొద్ది రోజులే ఇస్తారు. నెలలపాటు రోజూ వాడిన అనుభవం దానికి పెద్దగా లేదు. మరో విషయం కూడా నాకు ముఖ్యమనిపిస్తుంది: మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈ మందును ఇష్టం వచ్చినట్లు వాడితే ఆ క్రిమికి మందు మీద నిరోధం పెరిగే ప్రమాదం ఉంది, దాని మూల్యం చెల్లించేది వేరే రోగులు.

ఇంకొక దారి మెదడు దగ్గర మొదలవుతుంది. పీసీఓఎస్‌లో హైపోథలామస్ నుంచి వచ్చే సంకేతాలు వేగంగా కొట్టుకోవడం వల్ల పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, ఆ ఎల్‌హెచ్ అండాశయాన్ని ఆండ్రోజెన్ల తయారీకి పురిగొల్పుతుంది. ఆ సంకేతాలను నడిపించే నాడీకణాల్లోని న్యూరోకైనిన్ త్రీ గ్రాహకాన్ని అడ్డుకుంటే ఎల్‌హెచ్, దానితోపాటు టెస్టోస్టెరాన్ తగ్గుతాయని చిన్న అధ్యయనాల్లో తేలింది. అలా అడ్డుకునే మందుల్లో ఒకటైన ఫెజోలినెటాంట్‌ను పీసీఓఎస్ స్త్రీలలో 12 వారాలు పరీక్షించినప్పుడు మోతాదు పెరిగిన కొద్దీ టెస్టోస్టెరాన్ తగ్గింది. ఆ మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, కాని నెలసరి ఆగిన వయసులో వచ్చే వేడి ఆవిర్ల కోసం. మరుసటి ఏడాది కాలేయానికి హాని గురించిన తీవ్ర హెచ్చరికను దాని పెట్టె మీద చేర్చారు. ఇక్కడా కొలిచింది ప్రధానంగా హార్మోన్‌నే.

మూడో దారి మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులది. పుట్టుకతోనే ఒక ఎంజైము లోపించడం వల్ల అడ్రినల్ గ్రంథి ఆండ్రోజెన్లను విపరీతంగా తయారుచేసే వ్యాధి ఉన్నవారికి క్రినెసెర్‌ఫాంట్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఆమోదించింది. మెదడు నుంచి అడ్రినల్‌కు వెళ్లే ఉత్తర్వును అది తగ్గిస్తుంది. దశాబ్దాలుగా ఈ రోగులకు ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు తప్ప మరో గతి లేకపోయింది. ఇప్పుడు ఆ మోతాదు తగ్గించగలగడం చాలా పెద్ద మార్పు. అయితే ఈ అనుమతి ఆ వ్యాధి తీవ్ర రూపానికే పరిమితం. పీసీఓఎస్‌కు గాని, అదే లోపం స్వల్ప రూపంలో ఉన్నవారికి గాని అది వర్తించదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి వేరు, ఎందుకంటే అవి ఇప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటివి ఆకలిని తగ్గించి బరువును, దానితో ఇన్సులిన్‌ను తగ్గిస్తాయి. ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే అండాశయం ఎక్కువ ఆండ్రోజెన్లను తయారుచేస్తుంది, వాటిని బంధించి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. కనుక బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఈ మందులు నెలసరికి, షుగరుకు, గర్భధారణకు మేలు చేసే అవకాశం బాగా ఉంది. ముఖం మీది వెంట్రుకలకు మేలు మాత్రం నెమ్మది, స్వల్పం, అందరికీ ఒకేలా ఉండదు. బరువు తగ్గవలసిన అవసరం మీకు నిజంగా ఉంటే ఆ కారణంతో డాక్టరుతో మాట్లాడండి. గడ్డం పోతుందన్న ఒక్క ఆశతో మొదలుపెట్టకండి. ఇక్కడ చాలామందికి తెలియని రెండు జాగ్రత్తలున్నాయి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ, తరువాతి నాలుగు వారాలు గర్భనిరోధక మాత్ర సరిగా ఒంటికి పట్టకపోవచ్చు గనుక కండోమ్ వంటి మరో ఏర్పాటు తప్పనిసరి. సెమాగ్లుటైడ్ వాడేవారు గర్భం కోరుకుంటే కనీసం రెండు నెలల ముందు ఆపాలి.

మందుల సంగతి అటుంచి ఇంటి చిట్కాల్లో కూడా అంకెకూ అద్దానికీ ఉన్న ఈ తేడా కనబడుతుంది. స్పియర్‌మింట్ అనే పుదీనా జాతి ఆకుల టీని పీసీఓఎస్ స్త్రీలకు 30 రోజులు ఇచ్చిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. టెస్టోస్టెరాన్ తగ్గింది, తమకు మేలుగా ఉందని స్త్రీలు చెప్పారు, కాని వైద్యులు వేసిన వెంట్రుకల మార్కులు మారలేదు. ఆ పరిశోధకులు ఉన్నదున్నట్లు ప్రకటించారు. ఆ తరువాత ప్రచారంలో ఉండిపోయింది మొదటి సగం మాత్రమే.

రక్తం జోలికి పోకుండా కుదురు దగ్గరే హార్మోన్‌ను అడ్డుకోగలిగితే బాగుండునన్నది పాత కోరిక. దానికి దగ్గరగా వచ్చినది క్లాస్కోటెరోన్. ఒక శాతం క్రీముగా ఇది 2020లో అమెరికాలో మొటిమలకు అనుమతి పొందింది. చర్మంలోని ఆండ్రోజెన్ గ్రాహకాన్ని ఇది పట్టి ఉంచుతుంది, ఒంట్లోకి చేరినది త్వరగా బలహీనపడుతుంది. మగవారి బట్టతలకు ఇంతకంటే గాఢమైన ద్రావణంగా పరీక్షించారు. తార్కికంగా చూస్తే చుబుకానికీ పనిచేయాలి అనిపిస్తుంది, కాని హిర్సుటిజానికి దీనికి అనుమతి లేదు, వెంట్రుకలు లెక్కపెట్టి తేల్చిన పెద్ద అధ్యయనమూ లేదు. అలాగే గ్రాహకాన్ని అడ్డుకోవడం కాక ఏకంగా విచ్ఛిన్నం చేసే పైపూత మందులను బట్టతల, మొటిమల కోసం పరీక్షిస్తున్నారు. రాబోయే కాలంలో ముఖం మీది వెంట్రుకలకు నిజమైన కొత్త మందు వస్తే అది ఈ వైపు నుంచే వస్తుందని నా అంచనా, ఎందుకంటే లోపం చాలాసార్లు రక్తంలో కన్నా కుదురులోనే ఎక్కువ. హార్మోన్ వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకం మాత్రం అప్పటికి ఉన్న పైపూత యాంటీఆండ్రోజెన్లను (ఆండ్రోజెన్లను అడ్డుకునే మందులను) హిర్సుటిజానికి వాడవద్దనే చెప్పింది.

మింగే యాంటీఆండ్రోజెన్లలో మార్పు నిశ్శబ్దంగా జరుగుతోంది. ఫ్లుటమైడ్ బాగా పనిచేసేది, కాని కాలేయాన్ని ప్రాణాంతకంగా దెబ్బతీసిన సందర్భాలున్నందున దాన్ని వాడవద్దని అదే మార్గదర్శకం గట్టిగా చెప్పింది. సైప్రోటెరోన్ అసిటేట్‌ను రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించిన మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే ప్రమాదం పెరుగుతుందని గుర్తించి యూరప్ ఔషధ సంస్థ 2020లో దాని వాడకాన్ని పరిమితం చేసింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే బైకాలుటమైడ్ వైపు ఇప్పుడు దృష్టి మళ్లింది. తీవ్రమైన హిర్సుటిజం ఉన్న పీసీఓఎస్ స్త్రీలలో గర్భనిరోధక మాత్రకు బైకాలుటమైడ్ 50 మిల్లీగ్రాములు జోడిస్తే, మాత్ర ఒక్కటే వాడినవారికంటే వెంట్రుకల మార్కులు ఎక్కువగా తగ్గాయని 2018లో ఒక అధ్యయనం చూపింది. ఇక్కడ కొలిచింది వెంట్రుకలనే గనుక ఈ ఫలితానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఫ్లుటమైడ్ కన్నా కాలేయానికి ఇది సురక్షితమే అయినా పూర్తిగా నిరపాయకరం కాదు, మధ్యమధ్య కాలేయ పరీక్షలు చేయించాలి.

ప్రస్తుతానికి వాడుకలో ఉన్నవాటిలో స్పైరోనోలాక్టోన్‌ది ప్రధాన స్థానం. రోజుకు 50 నుంచి 200 మిల్లీగ్రాముల వరకు ఇస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నా, కొన్ని బీపీ మందులతో కలిపినా రక్తంలో పొటాషియం పెరగవచ్చు. ఏ యాంటీఆండ్రోజెన్ అయినా గర్భంలో మగశిశువు జననాంగాల ఎదుగుదలను దెబ్బతీయగలదు కనుక నమ్మకమైన గర్భనిరోధం లేకుండా వాడకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను. గర్భనిరోధక మాత్ర కూడా అందరికీ సరిపడదు: కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవారు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, 35 దాటి పొగతాగేవారు దాన్ని వాడకూడదు. మెట్‌ఫార్మిన్ షుగరుకు, నెలసరికి ఉపయోగపడవచ్చు కాని వెంట్రుకల కోసమే దాన్ని ఇవ్వడంలో అర్థం లేదు.

ఎఫ్లోర్నిథైన్ క్రీము కథ మీకు తెలియాలి, ఎందుకంటే స్త్రీల ముఖం మీది వెంట్రుకల కోసమే అనుమతి పొందిన పైపూత మందు అది. కుదురులో కణాలు వృద్ధి చెందడానికి కావలసిన ఆర్నిథైన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమును అది ఆపుతుంది. హార్మోన్‌తో దానికి సంబంధమే లేదు. మొదట క్యాన్సర్ కోసం తయారైన ఈ మందు ఆఫ్రికాలోని నిద్రరోగానికి అద్భుతంగా పనిచేసింది. కాని ఆ రోగులు నిరుపేదలు కావడంతో లాభం లేదని ఇంజెక్షన్ తయారీ ఆగిపోయింది. 2000లో 13.9 శాతం క్రీముగా ముఖం మీది వెంట్రుకలకు అనుమతి వచ్చిన తరువాత, 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కుదిరిన ఒప్పందం ద్వారా నిద్రరోగులకు మళ్లీ ఆ మందు అందింది. ఒక స్త్రీ గడ్డానికి రాసుకునే క్రీముకూ ఎక్కడో ఒక ప్రాణం నిలవడానికీ ఇలా ముడిపడటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఇక ఫలితానికి వస్తే, 24 వారాల అధ్యయనాల్లో క్రీము రాసినవారిలో 32 శాతం మందికి గణనీయమైన మెరుగుదల కనిపించింది, మందు లేని క్రీము రాసినవారిలో అది 8 శాతం. ఇది వెంట్రుకలను పోగొట్టదు, పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది; ఆపిన సుమారు ఎనిమిది వారాలకు పరిస్థితి మొదటికి వస్తుంది. దీన్ని లేజర్‌తో కలిపి పై పెదవి మీద వాడితే లేజర్ ఒక్కదాని కన్నా మంచి ఫలితం వచ్చింది.

ముతకబారిన కుదురు మందుతో వెనక్కి పోదన్నాను కదా, ఆ కుదురును నేరుగా దెబ్బతీసేవి రెండే ఉన్నాయి: లేజర్ వంటి కాంతి చికిత్స, సన్నని సూదితో కుదురులోకి విద్యుత్తు పంపే ఎలక్ట్రాలసిస్. ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యం గల కాంతిని వెంట్రుకలోని మెలనిన్ పీల్చుకుని వేడెక్కి, ఆ వేడితో కుదురు దెబ్బతినడమే లేజర్ సూత్రం. చుట్టూ ఉన్న చర్మానికి హాని లేకుండా లక్ష్యాన్ని మాత్రమే కాల్చవచ్చన్న సిద్ధాంతాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ ప్రతిపాదించారు. చామనఛాయ, నల్లని చర్మంలో మెలనిన్ చర్మంలోనూ ఎక్కువే కనుక, లోతుగా వెళ్లి పైపొరను తక్కువగా వేడిచేసే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ అలాంటి చర్మానికి సురక్షితం. తెల్లని చర్మానికి సరిపడే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్‌ను అదే శక్తితో నల్లని చర్మం మీద వాడితే కాలిన మచ్చలు పడతాయి. కనుక లేజర్‌కు వెళ్లే ముందు మీరు తప్పక అడగవలసింది ఏ యంత్రం, ఏ తరంగదైర్ఘ్యం, నా చర్మానికి అది ఎందుకు అని. జవాబు చెప్పలేని చోట ముఖాన్ని అప్పగించకండి.

లేజర్ గురించి నాకు బాగా నచ్చిన అధ్యయనం 2005లో బ్రిటన్ నుంచి వచ్చింది. పీసీఓఎస్ వల్ల ముఖం మీద వెంట్రుకలు ఉన్న స్త్రీలను రెండు వర్గాలుగా చేసి ఒక వర్గానికి తగిన శక్తితో, మరో వర్గానికి నామమాత్రపు శక్తితో లేజర్ ఇచ్చారు. ఆరు నెలల్లో మొదటి వర్గంవారు వెంట్రుకలు తీసుకోవడానికి వారానికి వెచ్చించే సమయం 112 నిమిషాల నుంచి 21 నిమిషాలకు తగ్గింది, వారిలో దిగులు, ఆందోళన కూడా తగ్గాయి. వారానికి దాదాపు రెండు గంటలు తలుపు వేసుకుని అద్దం ముందు గడిపే స్త్రీకి ఆ సమయం తిరిగి రావడం ఎంత గొప్ప విషయమో దాన్ని అనుభవించినవారికే తెలుస్తుంది. కొత్త మందుల పరిశోధకులు కూడా ఇలాంటి కొలతను ఎంచుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

లేజర్‌కు ఉన్న ఒక చిక్కును మాత్రం ముందే చెప్పాలి. కొందరికి లేజర్ చేసిన చోట గాని, దాని పక్కన గాని వెంట్రుకలు ఇంకా ఎక్కువవుతాయి. ముఖం, మెడ మీద, హార్మోన్ల తేడా ఉన్న స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మధ్యధరా, మధ్యప్రాచ్య ప్రాంతాల స్త్రీలకు ఈ ప్రమాదం గురించి ముందే చెప్పాలని 2018 మార్గదర్శకం ప్రత్యేకంగా సూచించింది. కుదురును చంపడానికి చాలని వేడి దాన్ని ఉలికిపాటుకు గురిచేసి మేల్కొల్పుతుందన్నది ఒక వివరణ. హార్మోన్లు అదుపులో లేకుండా, తక్కువ శక్తితో, సన్నని నూగు మీద లేజర్ చేయించడం దీనికి దారితీయవచ్చు. అందుకే మీ విషయంలో మాత్ర ఆపి లేజర్ మొదలుపెట్టడం కన్నా మాత్ర కొనసాగిస్తూ లేజర్ చేయించడం మేలు. పెరిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే లేజర్ పనిచేస్తుంది కనుక ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరు విడతలో, అంతకు మించో పడతాయి. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు అవసరమవుతుంది. శాశ్వతంగా తగ్గించడం అంటారే తప్ప శాశ్వతంగా తొలగించడం అనరు. విడతకు ముందు నాలుగు వారాలు థ్రెడింగ్, వ్యాక్సింగ్, పట్టకారుతో పీకడం ఆపి, గొరగడం మాత్రమే చేయండి. గొరిగితే దట్టంగా వస్తాయన్న భయం పెట్టుకోకండి. అది నిజం కాదని 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ కొలిచి చూపించారు.

తెల్లని, బంగారు రంగు వెంట్రుకల్లో లేజర్‌కు లక్ష్యం ఉండదు. వెండి వంటి లోహపు సూక్ష్మకణాలను కుదురులోకి ఎక్కించి లేజర్‌కు లక్ష్యం కల్పించే ప్రయత్నాలు జరిగినా అవి మామూలు చికిత్సగా నిలదొక్కుకోలేదు. అక్కడ ఎలక్ట్రాలసిస్‌దే అగ్రస్థానం. 1875లో కంటి వైద్యుడు చార్లెస్ మిచెల్ కంటిని గీకే రెప్పవెంట్రుకలను తీయడానికి మొదలుపెట్టిన ఆ పద్ధతి నేటికీ వెంట్రుకను ఒక్కొక్కటిగా శాశ్వతంగా తొలగిస్తుంది. నెమ్మది, నొప్పి, ఓపిక కావాలి, కాని చుబుకం మీద పదీ ఇరవై వెంట్రుకలే ఉన్నవారికి అదే చాలు.

ఇదంతా స్త్రీలలో మగవారి తరహాలో వచ్చే వెంట్రుకల గురించి. ఒళ్లంతా హార్మోన్‌తో సంబంధం లేకుండా వెంట్రుకలు పెరగడాన్ని హైపర్‌ట్రైకోసిస్ అంటారు, దానికి యాంటీఆండ్రోజెన్లు మూలచికిత్స కావు. ఈ మధ్య దానికి పెద్ద కారణం జుట్టు రాలకుండా తీసుకునే మినాక్సిడిల్ మాత్రలు. 1,404 మందిని గమనించిన ఒక అధ్యయనంలో సుమారు 15 శాతం మందికి అక్కరలేని చోట వెంట్రుకలు పెరిగాయి. మందు తగ్గిస్తే, ఆపితే కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. కొందరు వైద్యులు బైకాలుటమైడ్ కలిపి అదుపుచేస్తున్నారు. 2019లో స్పెయిన్‌లో పొరపాటున మినాక్సిడిల్ కలిసిన మందు తాగిన పసిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాయి. తండ్రి తలకు రాసుకున్న మినాక్సిడిల్ తగిలి పసిబిడ్డలకు అలా జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో పసిపిల్లలు ఉంటే రాసుకున్న తరువాత చేతులు కడుక్కోవడం, ఆ చోటు బిడ్డకు తగలకుండా చూసుకోవడం మరిచిపోకూడదు. మీరు గాని జుట్టు కోసం మినాక్సిడిల్ వాడుతూ ఉంటే ఆ సంగతి మీ డాక్టరుకు మొదటే చెప్పండి.

ఏ చికిత్సకైనా ముందు ప్రమాదకర కారణాలు లేవని తేల్చుకోవాలి. వెంట్రుకలు కొన్ని నెలల్లోనే వేగంగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, కండలు పెరిగినా, నెలసరి ఆగిన వయసులో కొత్తగా మొదలైనా అండాశయంలో, అడ్రినల్‌లో గడ్డ ఉందేమో వెంటనే చూడాలి. ముఖం ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తే కార్టిసోల్ హార్మోన్ ఎక్కువయ్యే కుషింగ్ వ్యాధిని అనుమానించాలి. పీసీఓఎస్ అని ముద్ర వేసే ముందు ఉదయం పూట, నెలసరి మొదటి రోజుల్లో, పైన చెప్పిన అడ్రినల్ ఎంజైము లోపం ఉందేమో చూసే 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ పరీక్ష చేయించి ఉండాలి. మీ రిపోర్టుల్లో అది లేకపోతే అడగండి. స్త్రీలలో తక్కువగా ఉండే టెస్టోస్టెరాన్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే కచ్చితమైన పద్ధతితో కొలిస్తేనే నమ్మకంగా ఉంటుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవారు పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే కొన్ని యంత్రాలు తప్పు అంకె చూపుతాయి. కాని మాత్ర వాడుతూ ఉన్నప్పుడు చేయించిన హార్మోన్ పరీక్షలకు అర్థం తక్కువ, కనుక ఇప్పుడు వాటి కోసమే మాత్ర ఆపి పరుగెత్తకండి. పాత రిపోర్టులు వెతికి చూపించండి.

ఇక మీరు చేయవలసింది. మాత్రను ఆరో నెల పూర్తయ్యేదాకా కొనసాగించండి. మాత్ర మీకు సరిపడుతూ ఉంటే లేజర్‌ను ఇప్పుడే మొదలుపెట్టడానికి అభ్యంతరం లేదు, రెండూ కలిసే పనిచేస్తాయి. ఆరో నెల దాటినా మార్పు చాలకపోతే స్పైరోనోలాక్టోన్ జోడించడం గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. దానికీ మళ్లీ ఆరు నెలలు ఇవ్వాలి. కొత్త మందుల అధ్యయనాల్లో చేరే అవకాశం మీకు దొరికితే, అనుమతి ఉన్న అధ్యయనమైతే, చేరడం మంచి పనే; అక్కడ మీ వెంట్రుకలను లెక్కపెడతారా లేదా అన్నది సంతకం పెట్టే ముందు అడగండి. ఈ రోజు నుంచి ఒక చిన్న పని చేయండి: వెంట్రుకలు తీసుకోవడానికి వారానికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసిపెట్టుకోండి, తీసుకున్న మూడో రోజున ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి చుబుకం ఫోటో తీయండి, నెలకొకసారి చాలు. ఆరో నెలలో డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ ఫోటోలూ ఆ నిమిషాల లెక్కా తీసుకెళ్లి, రక్తపరీక్ష రిపోర్టుకన్నా ముందు వాటినే బల్ల మీద పెట్టండి.